పక్క దేశంలో యుద్ధం మొదలైతే ఇవతలి దేశంలోని మన ఎంబసీ ఏం చేస్తుంది?

నీలిమబ్బు (రాజమండ్రి) | 2025 ఆగస్టు 2, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. జూన్ 13న ఇరాన్ మీద ఇజ్రాయెల్ దాడులు మొదలయ్యాక ఇరాన్‌లోని ఉర్మియాలో చదివే మన పిల్లలు 110 మందిని రోడ్డు మార్గాన ఆర్మేనియాలోకి దాటించి, యెరెవాన్ నుంచే విమానం ఎక్కించారు. వాళ్లు 19వ తేదీ తెల్లవారుజామున ఢిల్లీలో దిగారు. మా తమ్ముడుండే ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు. అయినా "ఇరాన్ పక్కనే కదమ్మా" అంటూ అమ్మ ఆ పది పన్నెండు రోజులూ కంటి మీద కునుకు లేకుండా గడిపింది. ఇప్పుడు గొడవ సద్దుమణిగింది కాబట్టి కాస్త స్థిమితంగా అడుగుతున్నాను. ఇలాంటప్పుడు పక్క దేశంలోని మన ఎంబసీ లోపల అసలు ఏం జరుగుతుంది? దేన్ని చూసి నిర్ణయాలు తీసుకుంటారు? ఇంటి దగ్గరుండే మాలాంటి వాళ్లం టీవీ చూసి భయపడటం కాకుండా ఏం గమనించాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, దయచేసి.

పాతఫైలు (హైదరాబాద్) | ఆగస్టు 2, రాత్రి 10:02

నీలిమబ్బు గారూ, నేను విదేశాంగ శాఖలో చిన్న ఉద్యోగంలో చేరి రిటైరయ్యాను. రెండు దేశాల్లో మన ఎంబసీ కాన్సులర్ సెక్షన్‌లో, అంటే పాస్‌పోర్టులు, వీసాలు, అక్కడి మనవాళ్ల కష్టాలు చూసే విభాగంలో పనిచేశాను. ఏ దేశాలో రాయను, పని ఎలా నడుస్తుందో చెబుతాను.

ఆతిథ్య దేశంలో ఏం జరుగుతోందో చట్టబద్ధమైన మార్గాల్లో తెలుసుకుని సొంత ప్రభుత్వానికి తెలియజేయడం ఎంబసీ బాధ్యత అని దౌత్య సంబంధాల మీద దేశాలు చేసుకున్న 1961 వియన్నా ఒప్పందం మూడో అధికరణమే చెబుతుంది. కాబట్టి గమనించడం అన్నది యుద్ధం వచ్చాక మొదలుపెట్టే పని కాదు, రోజూ ఉండేదే. పొద్దున్నే స్థానిక భాష వచ్చిన ఉద్యోగి పత్రికలు, టీవీ, ప్రభుత్వ ప్రకటనలు చూసి సారాంశం రాస్తాడు. డిఫెన్స్ అటాషే, అంటే ఎంబసీలో పనిచేసే మన సైనికాధికారి, ఉంటే సైన్యం కదలికల గురించి తన తోటి అటాషేలతో మాట్లాడతాడు. రాజకీయ విభాగం వాళ్లు ఆ దేశ విదేశాంగ శాఖతోనూ, మిగతా ఎంబసీలతోనూ మాట్లాడతారు. సాయంత్రానికి అన్నీ కలిపి ఢిల్లీకి టెలిగ్రాం. ఇప్పటికీ మేం దాన్ని టెలిగ్రాం అనే అంటాం.

గొడవ ముదిరే కొద్దీ చూపు సైన్యం మీద నుంచి రవాణా మీదికి మళ్లుతుంది. ఏ విమానయాన సంస్థ ఏ రోజు నుంచి రావడం మానేసింది, గగనతలం ఎక్కడ మూశారు, సరిహద్దు గేటు రాత్రిపూట తెరిచి ఉంటుందా, బస్సులకు డీజిల్ దొరుకుతోందా, ఏటీఎంలలో డబ్బుందా. బయటివాళ్లకు చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ, జనాన్ని కదిలించడానికి పనికొచ్చే సమాచారం ఇదే.

ఇక పక్క దేశపు ఎంబసీ సంగతి. దానికి ముందుగా కావలసింది ఆతిథ్య ప్రభుత్వం ఒప్పుకోలు. వీసా లేని వందల మంది గేటు దగ్గరకు వస్తే లోపలికి రానిస్తారా? ఆ మాట ముందే మాట్లాడి పెట్టుకోవాలి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ నుంచి వచ్చే భారతీయ విద్యార్థులను వీసా లేకుండానే రానిస్తామని పోలండ్ ప్రకటించింది. అలాంటి ప్రకటన వెనక ఎన్నో ఫోన్లు, ఉత్తరాలు ఉంటాయి. తర్వాత గేటు దగ్గర నిలబడటానికి మనిషి కావాలి. చిన్న ఎంబసీలో మొత్తం కలిపి పది పదిహేను మందే ఉంటారు. వీసా కౌంటర్ గుమాస్తా, డ్రైవరు, అకౌంట్స్ అతను, అందరూ సరిహద్దుకు పోవాల్సిందే. చాలకపోతే వేరే దేశాల నుంచి ఆ భాష తెలిసినవాళ్లను తాత్కాలికంగా పంపుతారు. ఆర్మేనియాకూ ఇరాన్‌కూ మధ్య సరిహద్దు ఓ నలభై కిలోమీటర్లకు మించి పెద్దగా ఉండదు. దాటే చోటు అగరాక్-నోర్దూజ్ దగ్గర. దారి ఒక్కటే అయినప్పుడు పని ఒకందుకు సులువు, ఒకందుకు ప్రమాదం.

దక్కన్ రీడర్ (వరంగల్) | ఆగస్టు 2, రాత్రి 10:47

పాతఫైలు గారు చెప్పింది బాగుంది. కానీ నాకొక అభ్యంతరం ఉంది. అంతా అంత దగ్గరగా గమనిస్తుంటే హెచ్చరిక ఎందుకంత మెత్తగా వస్తుంది?

ఉక్రెయిన్‌నే తీసుకోండి. 2022 ఫిబ్రవరి 12న డచ్ విమాన సంస్థ కేఎల్ఎం అక్కడికి విమానాలు ఆపేసింది. 14న అమెరికా కీవ్‌లోని తన ఎంబసీని ల్వీవ్‌కు మార్చింది. మన ఎంబసీ మొదటి సూచన 15న వచ్చింది. అందులో ఉన్నది, ఉండటం తప్పనిసరి కానివాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా వెళ్లే విషయం ఆలోచించుకోవచ్చు అని. 20న ఇంకాస్త గట్టిగా చెప్పారు. 22న, ఆన్‌లైన్ క్లాసుల గురించి యూనివర్సిటీ నుంచి కబురు కోసం కూర్చోకుండా బయల్దేరమన్నారు. 24 తెల్లవారుజామున యుద్ధం మొదలైంది. ఆ రోజు కీవ్‌కు బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం గగనతలం మూసేయడంతో సగం దారిలో వెనక్కి తిరిగింది.

దాదాపు 20 వేల మంది భారతీయులు, అందులో ఎక్కువ మంది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు. అంతమందికి తొమ్మిది రోజులు చాలవు. తర్వాత 90 విమానాలు నడిపారు, యుద్ధానికి ముందే వచ్చేసినవాళ్లతో కలిపి దాదాపు 22,500 మంది ఇల్లు చేరారు, అది గొప్ప పనే, కాదనను. కానీ ముందే గట్టిగా చెప్పి ఉంటే అందులో సగం మంది బంకర్ చూడకుండానే ఇల్లు చేరేవాళ్లు.

హర్కివ్ బ్యాచ్ (గుంటూరు) | ఆగస్టు 2, రాత్రి 11:30

దక్కన్ రీడర్ అన్నా, నేను ఆ 20 వేలలో ఒకణ్ని. హర్కివ్‌లో నాలుగో సంవత్సరం. మీరన్నది నిజమే గానీ, మా హాస్టల్లో ఆ తొమ్మిది రోజులు ఎలా గడిచాయో కూడా చెప్పాలి.

మొదటి సూచన వచ్చిన రోజు మా యూనివర్సిటీ గ్రూపులో పెట్టిన మెసేజ్ ఏంటంటే, క్లాసులు యథాతథంగా జరుగుతాయి, హాజరు తీసుకుంటాం. మాకు సెలవు పెడితే ఒక్కో క్లాసుకూ మళ్లీ డబ్బు కట్టి హాజరు కావాలి. ఏజెంట్ "ఏం కాదు, ఇదంతా మీడియా హడావిడి" అన్నాడు. టికెట్ ధర మామూలు రోజుల్లో ఉండేదానికి రెండింతలు దాటింది. 17న మన ప్రభుత్వం ఉక్రెయిన్ విమానాల మీద ఉన్న సీట్ల పరిమితి ఎత్తేసింది, కానీ పెరిగిన విమానాలు వచ్చేలోపే దారి మూసుకుపోయింది. పొలం మీద అప్పు తెచ్చి చదివించే నాన్నకు ఫోన్ చేసి, యుద్ధం వస్తుందేమో, ఎనభై వేలు పంపు అని ఎవడు అడుగుతాడు? ఉక్రెయిన్ వాళ్లే రాదని నమ్మారు. జనవరి చివర్లో వాళ్ల అధ్యక్షుడే భయాందోళనలు పెంచొద్దని విదేశాలను కోరాడు.

24 తర్వాత మెట్రో స్టేషన్లోనే ఉన్నాం. మార్చి 1 పొద్దున నగరం మధ్యలోని ఫ్రీడం స్క్వేర్ మీద క్షిపణి పడింది. అదే రోజు సరుకుల కోసం బయటికెళ్లిన కర్ణాటక విద్యార్థి చనిపోయాడు. మా సీనియర్ల బ్యాచ్ వాళ్లకు బాగా తెలిసినవాడు. మర్నాడు ఎంబసీ సూచన వచ్చింది. వెంటనే హర్కివ్ వదలండి, పిసోచిన్, బబాయ్, బెజ్లుదోవ్కా, ఈ మూడింటిలో ఏదో ఒక ఊరికి సాయంత్రం 6 గంటలలోపు చేరండి, వాహనం దొరక్కపోతే నడిచైనా వెళ్లండి అని. పిసోచిన్ 11 కిలోమీటర్లు.

వొగ్జాల్ స్టేషన్ దగ్గర రైలెక్కడానికి ప్రయత్నించి, కుదరక నడక మొదలుపెట్టాం. మంచు తొక్కి తొక్కి గట్టిపడి, బూట్లు జారుతున్నాయి. నా పక్కన నడిచిన జూనియర్ అమ్మాయి రెండు బ్యాగులూ దారిలో వదిలేసి, సర్టిఫికెట్ల ఫైలు ఒక్కటే జాకెట్ లోపల పెట్టుకుంది. వెనక నుంచి పేలుళ్లు వినిపిస్తూనే ఉన్నాయి. ఎవరం మాట్లాడలేదు.

ఆ సూచనలో గంట, ఊరి పేరు, దూరం ఉన్నాయి. అందుకే కదిలాం. అంత స్పష్టంగా చెప్పినప్పుడు వందల మంది ఒక్కసారిగా లేచారు. నాకు అర్థమైంది ఇదే: "అప్రమత్తంగా ఉండండి" అంటే ఎవరూ కదలరు. ఎక్కడికి, ఎప్పటిలోగా, ఎలా అని చెబితే కదులుతారు.

పాతఫైలు | ఆగస్టు 3, ఉదయం 7:20

హర్కివ్ బ్యాచ్ బాబూ, నువ్వు రాసింది చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. క్షేమంగా వచ్చావు, అది చాలు.

మెత్తదనం గురించి దక్కన్ రీడర్ గారికి. ఎంబసీ రాసే ప్రతి వాక్యాన్ని ముగ్గురు చదువుతారు. మన ప్రజలు, ఆతిథ్య ప్రభుత్వం, మిగతా దేశాలు. "యుద్ధం రాబోతోంది, పారిపోండి" అని ఒక ఎంబసీ రాస్తే ఆ దేశంలో కరెన్సీ పడిపోతుంది, విమానాలు ఆగిపోతాయి, రేపు బస్సులు, పోలీసు రక్షణ కావాలని అడగాల్సింది ఆ ప్రభుత్వాన్నే. పైగా ముందే ఖాళీ చేయించి ఏమీ జరగకపోతే ఏడాది చదువు పోయిందని ఆ పిల్లలే, వాళ్ల తల్లిదండ్రులే మన మీద కేసులు వేస్తారు. ఇవన్నీ ఢిల్లీలో బేరీజు వేస్తారు. ఎంబసీ ఒంటరిగా నిర్ణయించదు.

అందుకే సూచనలను విడివిడిగా కాక వరసగా చదవాలి. మొదటిది "అనవసర ప్రయాణాలు వద్దు, పేరు నమోదు చేసుకోండి" అంటుంది. తర్వాత "అవసరం లేనివాళ్లు వెళ్లడం ఆలోచించండి". తర్వాత "వెళ్లండి". ఎంబసీ సిబ్బంది కుటుంబాలను పంపించేశారన్న వార్త వచ్చిందంటే ఇక సందేహం అక్కర్లేదు. వారం తిరక్కుండా రెండో సూచన వచ్చి, అందులో మాట ఒక మెట్టు పెరిగిందంటే మూడోదాని కోసం ఆగకండి. ఈ ఒక్క విషయం పిల్లల్ని బయటికి పంపిన ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలని నా కోరిక.

ఇంకొకటి. లిబియా వదిలి రమ్మని 2014 జులైలోనే మనవాళ్లకు చెప్పారు. జీతం బకాయిలనీ, కాంట్రాక్టులనీ చాలామంది ఉండిపోయారు. సిర్తే విశ్వవిద్యాలయంలో పనిచేసే ఇద్దరు తెలుగు అధ్యాపకులను 2015 జులైలో ఎత్తుకుపోయారు. వాళ్లు బయటపడింది 2016 సెప్టెంబరులో. ఆ పధ్నాలుగు నెలలు వాళ్ల ఇళ్లలో ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోండి. ఉండిపోయినవాళ్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. బయటపడే దారి మూసుకున్నాక ఏ ప్రభుత్వం చేతిలోనైనా మిగిలేది చాలా తక్కువ అని చెప్పడానికే.

దక్కన్ రీడర్ | ఆగస్టు 3, ఉదయం 9:05

కారణాలు అర్థమయ్యాయండి. అయినా ఒక మాట మీద నిలబడతాను. కరెన్సీ సంగతి, దౌత్య సంబంధాల సంగతి పెద్ద ప్రభుత్వాలు సర్దుకోగలవు. పద్దెనిమిదేళ్ల పిల్లాడు సర్దుకోలేడు. పబ్లిక్ ప్రకటన మెత్తగా ఉంచినా సరే, యూనివర్సిటీలతో వెనక నుంచి గట్టిగా మాట్లాడి మొదటి సూచన రోజునే క్లాసులు ఆన్‌లైన్ చేయించగలిగితే ఆ పిల్లలు కదిలేవాళ్లు. వాళ్లను పట్టి ఉంచింది హాజరు రిజిస్టరే. ఇకముందు వేల మంది మన విద్యార్థులున్న ప్రతి దేశంలో ఇలాంటి ఒప్పందం శాంతి రోజుల్లోనే రాసుకోవాలి.

హర్కివ్ బ్యాచ్ | ఆగస్టు 3, ఉదయం 9:18

నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటున్నా అన్నా.

జెద్దా నుంచి (సౌదీ అరేబియా) | ఆగస్టు 3, మధ్యాహ్నం 1:40

అస్సలాము అలైకుం, నమస్తే. మాది కర్నూలు. జెద్దాలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. పక్క దేశం ఎంబసీ అన్నారు కాబట్టి 2023 సూడాన్ సంగతి చెబుతాను. అప్పుడు మన కమ్యూనిటీ వాలంటీర్లలో నేనూ ఉన్నాను.

ఏప్రిల్ 15న ఖార్తూంలో సైన్యానికీ, ఆర్ఎస్ఎఫ్ అనే పారామిలటరీ దళానికీ పోరు మొదలైంది. మామూలుగా ఎంబసీ అంటే అందరూ పరిగెత్తి వెళ్లే చోటు కదా. ఇక్కడ మన ఎంబసీ భవనం విమానాశ్రయానికి దగ్గర్లో ఉంది, కాల్పులు జరిగేది అక్కడే. కాబట్టి భవనం ఖాళీ. సిబ్బంది ఎవరి ఇంట్లో వాళ్లుండి, ఫోన్లలోనే, కరెంటు ఉన్నంతసేపు పనిచేశారు. ఇళ్లలోంచి బయటికి రావద్దని మనవాళ్లకు చెప్పారు. కాల్పుల విరమణ అన్న మాట దొరికినప్పుడే బస్సులు కదిపారు. ఖార్తూం నుంచి పోర్ట్ సూడాన్ రోడ్డు మీద 850 కిలోమీటర్ల వరకు ఉంటుంది. అక్కడి నుంచి నౌకాదళం ఓడల్లోనో, వైమానిక దళం విమానాల్లోనో జెద్దాకు. మొదటి ఓడ ఐఎన్ఎస్ సుమేధ, 278 మందితో 25న బయల్దేరింది. మొత్తం 3,862 మంది. ఈ తరలింపు పేరు ఆపరేషన్ కావేరి, అది మే 5న ముగిసింది.

పోర్ట్ సూడాన్ దాకా రాలేనివాళ్ల కోసం ఖార్తూంకు ఉత్తరాన 40 కిలోమీటర్ల దూరంలో వాదీ సయ్యిద్నా అనే చిన్న రన్‌వే మీద రాత్రిపూట సీ-130జే అనే సైనిక రవాణా విమానం దించారు. దీపాలు లేవు, దారి చూపే పరికరాలు లేవు. పైలట్లు నైట్ విజన్ కళ్లద్దాలతో దించి 121 మందిని తీసుకొచ్చారు. అందులో ఒక గర్భిణి కూడా ఉన్నారు.

మా పని జెద్దాలో ఇండియన్ స్కూల్లో. ఆ బడినే విడిదిగా మార్చారు. బెంచీలు తీసి పరుపులు వేశాం. వచ్చినవాళ్లు ముందు అడిగింది అన్నం కాదు, ఛార్జర్. ఇంటికి ఫోన్ చేయాలి. మేం దొరికిన పవర్ స్ట్రిప్‌లన్నీ తెచ్చి గోడల పొడవునా వరసగా పెట్టాం. రెండోది చెప్పులు. చాలామంది చెప్పులు లేకుండా వచ్చారు. మూడోది పాస్‌పోర్టు. పనిచేసే చోట యజమాని దగ్గరే ఉండిపోయి, లేదా ఇంటితో పాటు కాలిపోయి, చేతిలో కాగితం లేనివాళ్లు. వాళ్లకు కాన్సులేట్ వాళ్లు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ రాసిచ్చారు. ఫోటో తీయడానికి తెల్ల దుప్పటి కట్టిన గోడ ఒకటి రాత్రంతా పనిచేసింది.

సరిహద్దు అవతల యుద్ధం, ఇవతల ఎంబసీ అంటే ఢిల్లీ నుంచి వచ్చిన మంత్రి, అధికారులే కాదు. అక్కడ పాతుకుపోయి, ఏ దుకాణం రాత్రి రెండింటికి తెరుస్తారో తెలిసిన మనవాళ్లు కూడా. ఎంబసీలు మామూలు రోజుల్లో సంఘాల వాళ్లను పిలిచి టీ ఇచ్చేది దీనికోసమే అనుకుంటాను.

జగిత్యాల అన్న (ఇజ్రాయెల్) | ఆగస్టు 3, సాయంత్రం 6:55

అందరికీ నమస్తే. నేను ఇక్కడ కేర్‌గివర్‌ని. మంచం పట్టిన ముసలావిడను చూసుకుంటాను. మా నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల వాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు.

మీరంతా బయటికి తీసుకెళ్లడం గురించే మాట్లాడుతున్నారు. ఉండిపోయేవాళ్ల సంగతి చెప్తా. 2023 అక్టోబర్ 7 హమాస్ దాడి తర్వాత మనవాళ్లను తీసుకెళ్లడానికి ఆపరేషన్ అజయ్ పెట్టారు, 12న మొదటి విమానం 212 మందితో పోయింది, టికెట్ ఖర్చు లేదు. అయినా ఇక్కడున్న మొత్తం భారతీయుల్లో పోయినవాళ్లు కొద్దిమందే, ఎక్కువ మంది విద్యార్థులు. మేం ఎందుకు పోలేదు? ఇక్కడికి రావడానికి ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరలేదు. ఒక్కసారి పోతే వీసా తిరిగి వస్తుందో రాదో. దానికి తోడు, నేను పోతే ఈ పెద్దావిడను మంచం మీంచి లేపేది ఎవరు?

జూన్‌లో క్షిపణులు వచ్చిన రాత్రుల్లో ఫోన్‌కు ముందే హెచ్చరిక వస్తుంది, తర్వాత సైరన్. ఆ కొద్ది నిమిషాల్లో ఆమెను వీల్‌చైర్‌లోకి ఎక్కించి మమాద్‌లోకి తీసుకుపోవాలి. మమాద్ అంటే ఇంట్లోనే ఉండే కాంక్రీటు గది. పాత బిల్డింగుల్లో అది ఉండదు, కింద షెల్టర్‌కు మెట్లు దిగాలి. మెట్ల మీద మనిషిని మోయడానికి మేం ఇద్దరు ముగ్గురు కేర్‌గివర్లం మాట్లాడి పెట్టుకున్నాం, ఎవరి సైరన్‌కు ఎవరు ముందు పరిగెత్తాలో.

ఉండిపోయేవాళ్లకు ఎంబసీ ఏం చేయగలదు అంటే, నా అనుభవంలో రెండు. ఒకటి, స్థానిక అధికారులు ఇచ్చే జాగ్రత్తలను మనకు అర్థమయ్యే భాషలో వెంటనే అందించడం. రెండోది, ఏ ప్రాంతం వదలాలో చెప్పడం. 2024 మార్చిలో లెబనాన్ సరిహద్దు దగ్గర తోటలో పనిచేస్తున్న కేరళ మనిషి క్షిపణికి బలైనప్పుడు, సరిహద్దు ప్రాంతాల్లోని మనవాళ్లంతా దేశం లోపలికి మారాలని మర్నాడే సూచన వచ్చింది. అలాంటిది వచ్చినప్పుడు యజమానికి చూపించి అడగొచ్చు, "మా ఎంబసీ చెప్పింది, నన్ను మార్చండి" అని. కూలి మనిషికి ఆ కాగితం చాలా బలం.

ఈ జూన్‌లో విమానాశ్రయం మూసేశారు కాబట్టి పోవాలనుకున్నవాళ్లను రోడ్డు మీద జోర్డాన్, ఈజిప్టుల్లోకి దాటించి అక్కడి నుంచి పంపారు. ఇరాన్ నుంచి 3,597, ఇక్కడి నుంచి 818 మంది అని లెక్క చెప్పారు. 818 అనేది చూసి ఇక్కడ ఇబ్బంది లేదనుకోకండి. పోలేనివాళ్లం పోలేదు, అంతే.

నీలిమబ్బు | ఆగస్టు 3, సాయంత్రం 7:30

అన్నా, మీరు జాగ్రత్తగా ఉండండి. ఈ కోణం నాకు అస్సలు తట్టలేదు. వార్తల్లో ఎంతమంది వచ్చారన్న సంఖ్యే చూస్తాం.

కడప కువైట్ (కువైట్) | ఆగస్టు 3, రాత్రి 8:45

ఈ చర్చలో 1990 లేకపోతే వెలితి. మా నాయన అప్పుడు కువైట్‌లో డ్రైవరు. మాది రాజంపేట దగ్గర.

ఆగస్టు 2న సద్దాం సైన్యం వచ్చింది. కువైట్‌లోని విదేశీ ఎంబసీలన్నీ ఆగస్టు 24లోగా మూసేయాలని ఇరాక్ ఆజ్ఞ పెట్టింది. మన ఎంబసీ పని ఇరాక్‌లోని బస్రాకు మారింది. అప్పటి విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంతో మాట్లాడారు. ఆయన సద్దాంను కౌగిలించుకున్న ఫోటో మీద చాలా విమర్శ వచ్చింది. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. లక్ష మందికి పైగా మనుషులు ఆ నేల మీదుగానే బయటికి రావాలి మరి.

నాయన చెప్పేవాడు, బస్సులో బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి ఎడారి దాటి జోర్డాన్ సరిహద్దు. రువేషెద్ దగ్గర గుడారాలు. పగలు మండిపోయే ఎండ, నీళ్ల ట్యాంకర్ వస్తే తోపులాట. చేతిలోని కువైట్ దినార్లు చెల్లని కాగితాలైపోయాయి. పాస్‌పోర్టు అరబ్బు యజమాని దగ్గరే ఉండిపోయింది. అమ్మాన్‌లోని మన ఎంబసీ వాళ్లు పేర్లు రాసుకుని, ఉత్త కాగితం మీద ప్రయాణ పత్రం ఇచ్చి, వంతు ప్రకారం విమానం ఎక్కించారు. అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిర్ ఇండియా రెండు నెలల పాటు తిప్పింది, మొత్తం 488 విమానాలు.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆ తర్వాత జరిగింది. యుద్ధం ముగిశాక ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం పెట్టింది. కువైట్ వదిలి రావాల్సి వచ్చిన కూలీలకు కూడా ఇరాక్ చమురు డబ్బుల్లోంచి పరిహారం. మా నాయనకూ వచ్చింది. దానికి రుజువు ఏముంది అంటే, ఆ రోజు అమ్మాన్‌లో రాసిచ్చిన కాగితమే. దాన్ని మా అమ్మ ట్రంకు పెట్టెలో పట్టు చీర మడతలో దాచింది. మా పక్క ఊరి ఆయన కాగితం పారేసుకుని ఎన్నేళ్లు తిరిగాడో. కాబట్టి గందరగోళంలో ఎవరైనా అధికారి మీ పేరు ఒక కాగితం మీద రాసిస్తే దాన్ని ప్రాణంలా కాపాడుకోండి, ఫోటో తీసి ఇంటికి పంపండి.

వేదిక నిర్వాహకురాలు | ఆగస్టు 3, రాత్రి 9:10

సభ్యులకు ఒక మనవి. చర్చ చాలా ఉపయోగంగా సాగుతోంది, కొనసాగించండి. హెల్ప్‌లైన్ నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి. పాత నంబర్లు, ఎవరో మార్చిన నంబర్లు తిరుగుతూ ఉంటాయి. ఎంబసీ సొంత వెబ్‌సైట్, దాని అధికారిక ఖాతాల్లోంచి మాత్రమే తీసుకోవాలి. ఇరాన్ విషయంలో టెహ్రాన్ ఎంబసీ టెలిగ్రామ్ యాప్‌లో ఛానల్ తెరిచింది, దానికి లింకు కూడా వాళ్ల అధికారిక ఖాతాలోనే ఇచ్చింది. అలాగే గంగ (ఉక్రెయిన్), అజయ్, కావేరి లాంటి తరలింపుల్లో విమానం ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంది. సీటు ఇప్పిస్తామని డబ్బడిగేవాళ్లు ఎవరైనా ఎదురైతే నమ్మకండి.

పాతఫైలు | ఆగస్టు 3, రాత్రి 9:48

నిర్వాహకురాలి మాటకు నేను ఒకటి కలుపుతాను. పేరు నమోదు. ఎంబసీ దగ్గరున్న జాబితాలో పేరు లేనివాడు బస్సు లెక్కలో ఉండడు. ఖార్తూంలో గానీ, కీవ్‌లో గానీ ముందు గంటల్లో ఎంబసీ చేసే పని ఆ జాబితాను ప్రాంతాల వారీగా విడగొట్టడమే. ఫలానా పేటలో ఎంతమంది, వాళ్లలో పిల్లలెందరు, మందులు వాడేవాళ్లెవరు, ఒక్కో చోటుకు ఫోన్ ఎత్తే మనిషి ఎవరు. చిరునామా మారినప్పుడు నమోదు సరిచేయనివాళ్లే ఎక్కువ. పాత హాస్టల్‌కు బస్సు వెళ్లి, పిల్లలు వేరే ఫ్లాట్‌లో ఉన్నట్టు అప్పుడు తెలుస్తుంది. ఆ గంట చాలా ఖరీదైన గంట.

ఇంటి నుంచి చేసే ఫోన్ల గురించి కూడా. ఒక్క విద్యార్థి కోసం అమ్మ, నాన్న, బాబాయి, ఊరి సర్పంచి, ఎమ్మెల్యే ఆఫీసు, అందరూ విడివిడిగా ఎంబసీకి చేస్తే అక్కడున్న రెండు లైన్లూ అయిపోతాయి. బేస్‌మెంట్‌లో ఉన్న పిల్లాడికి లైను దొరకదు. ఢిల్లీలో విదేశాంగ శాఖ కంట్రోల్ రూమ్ తెరిస్తే కుటుంబాలు అక్కడికి చేయాలి. విదేశాల్లో ఉన్నవాళ్ల ఇబ్బందులు రాసుకోవడానికి విదేశాంగ శాఖ పెట్టిన మదద్ పోర్టల్ ఉంది, అందులో రాస్తే నమోదు సంఖ్య వస్తుంది. ఉక్రెయిన్ అప్పుడు ఢిల్లీలోని ఏపీ భవన్, తెలంగాణ భవన్‌లలో కూడా సహాయ కేంద్రాలు పెట్టారు. అక్కడ తెలుగులో మాట్లాడే మనిషి ఉంటాడు. ఎంబసీ లైను యుద్ధంలో ఉన్నవాళ్లకు వదిలేయండి.

నీలిమబ్బు | ఆగస్టు 3, రాత్రి 10:20

ఇదంతా మా తమ్ముడికి చదివి వినిపించాను. వాడు చేరినప్పుడు ఎంబసీలో నమోదు చేసుకున్నాడట, కానీ తర్వాత రెండుసార్లు ఇల్లు మారాడు. రేపు సరిచేస్తానన్నాడు. జూన్‌లో ఉర్మియా పిల్లలు వచ్చినప్పుడు వీడి క్లాస్‌మేట్లు కొందరు సాయానికి వెళదామనుకున్నారట, ఎవరిని అడగాలో తెలియక ఊరుకున్నారు. పాతఫైలు గారూ, విద్యార్థులు ముందుగా ఎంబసీకి చెప్పి వాలంటీర్లుగా పేరు ఇవ్వొచ్చా? ఇంకొకటి, వాడి పాస్‌పోర్టు గడువు వచ్చే మార్చితో అయిపోతుంది. ఇప్పుడే మార్పించాలా, సెలవులకు ఇంటికొచ్చినప్పుడు చూసుకోవచ్చా?

పాతఫైలు | ఆగస్టు 3, రాత్రి 10:41

పేరు ఇవ్వొచ్చమ్మా, తప్పకుండా ఇవ్వమనండి. విద్యార్థి సంఘం తరఫున నలుగురైదుగురు కలిసి ఇస్తే ఇంకా మంచిది. స్థానిక భాష వచ్చినవాళ్లుంటే ఆ సంగతి ప్రత్యేకంగా రాయమనండి, గేటు దగ్గర అధికారులకన్నా వాళ్ల అవసరమే ఎక్కువ పడుతుంది.

పాస్‌పోర్టు ఇప్పుడే, అక్కడి ఎంబసీలోనే. ఆరు నెలల కంటే తక్కువ గడువుంటే చాలా దేశాలు లోపలికి రానివ్వవు. వచ్చే నెల దాటితే వాడిది ఆ గీత కిందికి వస్తుంది. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఉంది కదా అనుకోవద్దు. అది ఇండియాకు ఒక్కసారి తిరిగి రావడానికే పనికొస్తుంది, దాంతో మళ్లీ కాలేజీకి వెళ్లలేడు.

జెద్దా నుంచి | ఆగస్టు 3, రాత్రి 11:03

ఫోటోలు ఆరు కాపీలు ఎక్కువే తీయించి పెట్టుకోమను చెల్లీ. ఆ రాత్రుల్లో మాకు అన్నిటికంటే కష్టంగా దొరికింది పాస్‌పోర్టు సైజు ఫోటో తీసేవాడే.